యంత్రం ఇచ్చిన డబ్బు

సంచులక్క చేయి ఇంకా డబ్బా మీదే ఉంది. డబ్బా చల్లగా ఉంది.

వెనక గది అరలో వరసగా పేర్చిన ఆ చిన్న డబ్బాలు ఎప్పుడు ముట్టుకున్నా జ్వరం తగిలిన పిల్లవాడి నుదురులా కాలుతుండేవి. ఒక్కోటీ అరచేతిలో పట్టేంత. ముందు చిన్న తెర, వెనక చిన్న ఫ్యాను. బిట్‌కాయిన్ తవ్విపెట్టే యంత్రాలని చెప్పి, లారీ ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆమె భర్త ఒకటొకటిగా తెచ్చి పెట్టాడు. ప్రతి శనివారం మధ్యాహ్నం "ఇదిగో, మన డబ్బాల సంపాదన" అంటూ కాసిని నోట్లు ఆమె చేతిలో పెడతాడు. ఈ శనివారమూ పెట్టాడు. ఈసారి కాస్త ఎక్కువే ఇచ్చాయన్నాడు కూడా.

ఆ నోట్లు బీరువాలో దాచడానికి వెనక గదిలోకి వచ్చినప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. వారం మొదట్లో కాగితం సంచులకి జిగురు ఉడికించే కరెంటు పొయ్యికి వేరే ప్లగ్గు దొరక్క, డబ్బాల ప్లగ్గు పీకింది తనే. దుమ్ము పడకుండా మీద దుప్పటి కప్పి, తలుపు దగ్గరికి వేసి, మళ్ళీ ఆ సంగతే మరిచిపోయింది. వారమంతా డబ్బాలు నిద్రపోతూనే ఉన్నాయి. మరి నోట్లు ఎక్కడివి?

ఇంకో రోజైతే తీరిగ్గా ఆలోచించేది. ఇవాళ తీరిక లేదు. ఈ సాయంత్రమే ఆమె చెల్లెలు తన ఎంబ్రాయిడరీ మిషన్ అమ్మేస్తోంది. ఆ డబ్బుతో బావ చేత ఇలాంటి డబ్బాలే తెప్పించుకుంటుందట. అక్క ఇంట్లో అవి వారం వారం డబ్బు రాలుస్తున్నాయని చూసి, అక్క నోటితోనే విని, తీసుకున్న నిర్ణయం అది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

గుమాస్తా తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. భోజనం చేసి కాసేపు నడుం వాల్చుదామనుకుంటున్న మనిషి మొహం.

"ఇవి ఈ వారం ఎంత ఇచ్చాయన్నారు?"

"చేతిలోనే ఉంది కదా. లెక్కపెట్టుకోలేదా?"

"లెక్కపెట్టుకున్నాను. ముట్టుకుని చూడండి."

ముట్టుకున్నాడు. కాలినట్టు చేయి వెనక్కి లాక్కున్నాడు. చల్లటి వస్తువు మనిషిని అలా కాల్చడం ఆమె అప్పుడే చూసింది.

"కరెంటు పోయిందేమో."

"మీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది."

ఆయన పైకి చూశాడు. నిజంగానే ఫ్యాను కోసం వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు.

"ప్లగ్గు పీకింది నేనే. వారం మొదట్లో" అంది ఆమె. "పొద్దున లేస్తే ఫోనులో అన్నీ చూసుకుంటున్నానంటారే. ఒక్క డబ్బా కూడా నడవడం లేదని మీ ఫోను చెప్పలేదా?"

ఆయన తువ్వాలుతో డబ్బా మీద లేని దుమ్ము తుడిచాడు.

"చూడటం ఎప్పుడు మానేశారు?"

గోడవారగా కాగితాల కట్టలున్నాయి. కత్తిరించి, మడతపెట్టి, జిగురు పూసి సంచులు చేయాల్సినవి. గుమాస్తా వాటి మీద కూర్చున్నాడు. ఆ కట్టల మీద ఎవరైనా కూర్చుంటే ఆమె ఊరుకోదు, మడత చెడిపోతుందని. ఈసారి ఊరుకుంది.

"ఎండలు మొదలయ్యాక" అన్నాడు.

"అంటే?"

"చెబితే నీకు కోపం వస్తుంది."

"నాకు ఇప్పుడు సంతోషంగా ఉందనుకుంటున్నారా?"

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట నీళ్ళు నమిలాడు, తర్వాత మాట వెంట మాట దొర్లుకుంటూ వచ్చింది. చాలా కాలంగా ఎవరికైనా చెప్పాలని ఉండి చెప్పుకోలేకపోయినవాడి ధోరణి అది.

వానాకాలంలో సంచుల జిగురు ఆరదు. ఏటా ఆ కాలంలో ఆమె వెనక గదిలో హీటరు పెట్టి, దాని ముందు సంచులు పరిచేది. డబ్బాలు వచ్చాక హీటరు అవసరం లేకపోయింది. వాటి వేడికే గది వెచ్చబడేది, సంచులు పెళపెళలాడుతూ ఆరేవి. కరెంటు బిల్లు అంతకుముందు వచ్చినంతే వచ్చింది. దాంతో డబ్బాలు ఏ కాస్త సంపాదించినా అది పైన మిగిలేదేనని గుమాస్తా అనుకున్నాడు. ఆ నాలుగు నెలలూ అది నిజమే. తప్పు ఎక్కడ చేశాడంటే, వానాకాలం లెక్కను ఏడాది పొడుగునా పరిచేశాడు. ఎండలొచ్చాయి. సంచులు డాబా మీదికెక్కాయి. డబ్బాలు మాత్రం ఖాళీ గదిని కాస్తూ కూర్చున్నాయి. వాటి సంపాదన కంటే వాటి కరెంటు ఖర్చే ఎక్కువైంది.

"ఎంత ఎక్కువ?"

"చాలా. అవి ఇచ్చేది ఇంతే" అని వేలి చివర చూపించాడు. "తినేది ఇంత" అని చేయి మోచేతి దాకా చూపించాడు.

"ఆపేస్తే పోయేది కదా."

"ఆపేస్తే ఓడిపోయానని ఒప్పుకున్నట్టే కదా."

"ఎవరితో పందెం వేశారు?"

గుమాస్తా ఆ మాట వదిలేసి ఇంకో సంగతి చెప్పాడు. మొదట్లో అందరితో కలిసి తవ్వే జట్టులో చేరాడట. అందులో వచ్చిన దాన్ని ఎవరి వాటా వాళ్ళకు పంచుతారు. మనకొచ్చేది చిల్లర. ఆ చిల్లర చూడలేక జట్టులోంచి బయటికొచ్చి, ఒంటరిగా తవ్వడం మొదలుపెట్టాడట.

"ఒంటరిగా అంటే వారం వారం ఏమీ రాదు. తగిలితే పెద్ద మొత్తం, ఒక్కసారే. అంతా మనదే. ఇలాంటి చిన్న డబ్బాకి కూడా తగిలిన వాళ్ళున్నారని చదివాను."

"తగలకపోతే?"

"తగలదంతే. ఎక్కడెక్కడో పెద్ద పెద్ద షెడ్లలో వేలకి వేల యంత్రాలు పెట్టుకుని తవ్వేవాళ్ళున్నారు. వాళ్ళు మోటార్లు పెట్టి సముద్రం తోడుతుంటే, మనం చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డట్టు."

అంత చక్కగా చెప్పాడు. తెలియక మోసపోయిన మనిషి కాదు ఈయన. అంతా తెలిసే, తెలిసినదాని మీద దుప్పటి కప్పుకున్నాడు.

"సరే. వారం వారం ఏమీ రాదన్నారు. మరి నాకు ఇస్తున్నదేంటి?"

గుమాస్తా తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"ఎవరి దగ్గర తెచ్చారు? అప్పా?"

"అప్పు కాదు."

"ఆఫీసులో చేయి పెట్టారా?"

"ఛ. అలాంటి పని నేనెందుకు చేస్తాను?"

ఆ 'ఛ'లో నిజమైన రోషం ఉంది. దాన్ని పట్టుకుని ఆమె ఇంకో అడుగు వేసింది. బయటివాళ్ళ డబ్బు ముట్టుకోలేదంటే ఇంట్లో డబ్బే అయ్యుండాలి. ఇంట్లో ఆయన చేతి మీదుగా నడిచే డబ్బు ఒక్కటే. సంచులు అంటించేది ఆమె. సైకిలుకి కట్టుకుని షాపుల్లో వేసి, డబ్బు తెచ్చేది ఆయన.

"మందుల షాపాయన రేటు తగ్గించాడన్నారు" అంది నెమ్మదిగా.

ఆయన తల ఎత్తలేదు.

"తర్వాత బేకరీ వాళ్ళూ తగ్గించారన్నారు. ప్లాస్టిక్ కవర్లు చవకైపోయాయి, చేతి పనికి విలువ పోయిందన్నారు. నేను నమ్మి, రేటు తగ్గింది కదా, ఇంకో నాలుగు కట్టలు ఎక్కువ చేద్దామని, కూర్చున్న చోటు నుంచి లేవకుండా అంటించాను. ఎవరు తగ్గించారండీ?"

"ఎవరూ తగ్గించలేదు."

ఆమె చేతులు చూసుకుంది. జిగురు ఎండి గోళ్ళ చుట్టూ తెల్లగా పొరలు కట్టి ఉంది. ఎంత కడిగినా పోదు అది. ఆ చేతులు సంపాదించిన దాంట్లోంచి కొంత నొక్కేసి, అదే తెచ్చి, యంత్రం ఇచ్చిందని ఆ చేతుల్లోనే పెట్టాడు. ఆమె ఆ నోట్లు కళ్ళకద్దుకుంది. డబ్బాలకు దుమ్ము పడుతుందని తన దుప్పటి తీసి కప్పింది. రోజంతా వంగి నడుం పడిపోయేలా చేస్తే నాకు రానిది, కూర్చున్న చోట కదలకుండా అవి తెస్తున్నాయని వీధి వీధంతా చెప్పుకుంది.

"దొంగతనం చేసినా ఇంత బాధపడేదాన్ని కాదు" అంది. "తీసుకుపోయి తాగినా, తగలేసినా, నా కష్టం తిన్నాడులే అనుకునేదాన్ని. మీరు నా కష్టం తినలేదు. దాని మీద పేరు చెరిపేసి ఇంకొకరి పేరు రాశారు."

"నీ మొహం చూడలేక చేశాను. మొదటిసారి ఏమీ రాలేదని చెబుదామనే వచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నావు."

"నవ్వడం నా తప్పా?"

"అని కాదు."

"మరి ఎందుకు చెబుతున్నారు?"

బయట ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. ఆ చప్పుడులోనే ఆమె చెప్పుల కోసం వెతికింది.

"ఎక్కడికి?"

"చెల్లి దగ్గరికి. బండి వచ్చేలోపు."

గుమాస్తా లేచి తలుపుకు అడ్డంగా వచ్చాడు. అడ్డం వచ్చానని ఆయనకే సిగ్గేసి పక్కకి జరిగాడు. "కొనొద్దని చెప్పు. ఇంకేదైనా సాకు చెప్పు. ఈ సంగతి మాత్రం చెప్పకు. తోడల్లుడు జన్మంతా నన్ను వేళాకోళం చేస్తాడు."

"చేయనివ్వండి. మిషన్ ఉంటుంది."

చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతల. మెట్ల కింద గదిలోనే మిషన్. స్కూలు యూనిఫారాల జేబుల మీద బ్యాడ్జీలు, పిల్లల గౌన్ల మీద పువ్వులు కుడుతుంది. ఆ మిషన్ మీదే ఇద్దరు పిల్లల ఫీజులు కట్టింది. సంచులక్క వెళ్ళేసరికి దారాల రీళ్ళన్నీ తీసి బుట్టలో వేశారు. మిషన్ మొండిగా నిలబడి ఉంది. దాన్ని కొనుక్కుంటున్న రెడీమేడ్ బట్టల షాపామె టేపుతో దాని వెడల్పు కొలుస్తోంది, ఆటోలో పడుతుందో లేదోనని. బస్సు డ్రైవరైన మరిది తాడు ముడులు విప్పుతున్నాడు.

"రా అక్కా, సరిగ్గా సమయానికి వచ్చావు" అంది చెల్లెలు. "నీ చేత్తో తాడు కట్టు. నీ చేయి మంచిది."

"తాడు పక్కన పెట్టు. మిషన్ అమ్మొద్దు."

డ్రైవరు నవ్వాడు. "అన్నయ్యకి డబ్బాలు దొరకలేదా వదినా?"

"డబ్బాలు డబ్బు ఇవ్వవు. మా ఇంట్లో ఒక్క రూపాయి కూడా ఇవ్వడం లేదు. అవి తినే కరెంటుకి నేనే ఎదురు కడుతున్నాను."

షాపామె కొలత ఆపింది. చెల్లెలు అక్క వైపూ, వెనకాలే వచ్చి గుమ్మం బయట నిలబడ్డ బావ వైపూ చూసింది.

"ఏంటక్కా, పొద్దున బాగానే ఉన్నావు కదా."

"మీ బావ ఇచ్చేది నా సంచుల డబ్బే. షాపుల వాళ్ళు రేటు తగ్గించలేదు. అందులోంచే తీసి యంత్రం ఇచ్చిందంటున్నాడు."

చెల్లెలు ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత మెల్లగా నవ్వింది. "కాగితం సంచులకి అంత డబ్బా? నువ్వే కదక్కా అన్నావు, సంచులు చుట్టుకుంటే కడుపు నిండదు, డబ్బాలే నయమని. నా మిషన్ ముందు కూర్చునే అన్నావు."

"అన్నాను. తెలియక అన్నాను."

"ఇవాళ తెలిసిందా? సరిగ్గా నేను అమ్మే రోజే తెలిసిందా?"

"డబ్బాలు వారం నుంచి ఆగి ఉన్నాయే. ప్లగ్గు పీకేశాను. అయినా డబ్బు తెచ్చిచ్చాడు."

"ముందు తవ్విందేదో అకౌంట్లో ఉండి ఉంటుంది వదినా" అన్నాడు డ్రైవరు, చిన్నపిల్లకి చెబుతున్నట్టు. "ఫోనులో ఉంటుంది. అందులోంచి తీసిచ్చి ఉంటాడు. అది మీకు తెలియదులెండి."

నిజం చెబుతుంటే దానికి వాళ్ళే తొడుగులు కుట్టి తొడుగుతున్నారు. సంచులక్క ఇంకోలా ప్రయత్నించింది.

"వానాకాలంలో నా సంచులు ఆరడానికైనా పనికొచ్చాయి. నీ ఇంట్లో ఆరబెట్టాల్సింది ఏముంది?"

"డబ్బులు ఆరబెట్టుకుంటాను" అంది చెల్లెలు. డ్రైవరు మళ్ళీ నవ్వాడు. చెల్లెలు నవ్వలేదు. గొంతు తగ్గించింది. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నీకన్నా మేం ఒక మెట్టు పైకెక్కుతామనా ఇదంతా?"

ఆ మాట అన్నాక తనే కళ్ళు దించుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. సంచులక్క చేతిలో ఫోను ఉంది. మందుల షాపాయన నంబరు అందులో ఉంది. ఒక్కసారి నొక్కి, రేటు ఎప్పుడు తగ్గించావని అందరి ముందూ అడిగితే తేలిపోతుంది. వేలు ఆ నంబరు దాకా వెళ్ళింది. గుమ్మంలోంచి గుమాస్తా చూస్తున్నాడు. అలాంటి చూపు ఆమె ఆయన దగ్గర ఎన్నడూ చూడలేదు. వద్దని బతిమాలుతున్న చూపు. బజారు మొత్తం ముందు ఈ మనిషిని నిలబెట్టడానికి చేయి రాలేదు. రానందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను చెబితే నమ్మవు కదా. ఆయన్నే అడుగు" అంది.

చెల్లెలు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "బావా, నువ్వు చెప్పు. నువ్వు ఏం చెబితే అదే. అవి డబ్బు ఇస్తాయా, ఇవ్వవా?"

గుమాస్తా తోడల్లుడి వైపు చూశాడు. డ్రైవరు చేతిలో తాడు పట్టుకుని, మొహం మీద సగం నవ్వుతో ఎదురుచూస్తున్నాడు. షాపామె కూడా చూస్తోంది.

"ఇస్తాయి" అన్నాడు గుమాస్తా.

డ్రైవరు తాడు తీసుకుని మిషన్ కాళ్ళ దగ్గర వంగాడు. సంచులక్క వెళ్ళి, మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుంది. రెండు చేతులూ బల్ల మీద చాచింది.

"లే అక్కా. నలుగురిలో ఏంటిది?"

"లేస్తాను. మీ బావ ఇస్తాయన్నాడు కదా, సరే. నేనూ ఒప్పుకున్నాను. ఈ క్షణం నుంచి నేను ఒక్క సంచి అంటించను. నా పిల్లల మీద ఒట్టు. మా ఇల్లు వారం రోజులు ఆ డబ్బాలే నడపాలి. వచ్చే శనివారం అందరం మా ఇంట్లో కూర్చుందాం. మీ బావ డబ్బు తెచ్చి బల్ల మీద పెడితే, ఈ మిషన్ నేనే నెత్తిన పెట్టుకుని మోసుకెళ్ళి ఆవిడకి ఇచ్చి వస్తాను."

"వారం ఆగితే నా రేటు ఇదే ఉంటుందని చెప్పలేను" అంది షాపామె.

"తగ్గితే?" చెల్లెలు అక్కను అడిగింది.

"తగ్గింది నేనిస్తాను."

"సంచులు మానేసి ఎక్కడ్నుంచి ఇస్తావు?"

"డబ్బాలు ఇస్తాయన్నారు కదా."

చెల్లెలు చాలాసేపు అక్కనే చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు. చివరికి బుట్టలోంచి ఒక రీలు తీసి, మిషన్ మీది మేకుకు తగిలించింది. "వారమే. ఆ తర్వాత నా ఇంటి విషయంలో మాట్లాడకు" అంది. షాపామె టేపు చుట్టి సంచిలో వేసుకుని, ఆటోని వెనక్కి తిప్పించింది.

వీధిలోకి వచ్చాక గుమాస్తా భార్యకి నాలుగడుగుల వెనకగా నడిచాడు. మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. అక్కడ ఆగింది.

"వాళ్ళ ముందు నన్ను అబద్ధాలకోరును చేశారు. చేశారు సరే. తోడల్లుడు నవ్వుతాడనేనా?"

"అందుకు కాదు."

"మరి?"

"మీ చెల్లి వాళ్ళ డబ్బాలు వచ్చేశాయి. నిన్ననే. ఆఫీసు గోడౌన్‌లో ఉన్నాయి. మిషన్ అమ్మగానే ఇస్తారు కదా అని, ముందే డబ్బు కట్టి తెప్పించాను."

"ఎవరి డబ్బు కట్టి?"

గుమాస్తా గోడకు చేయి ఆనించాడు. ఎండలో నడిచి వచ్చినా ఆయన చెంపలు పాలిపోయి ఉన్నాయి.

"మందుల షాపాయన ఇచ్చాడు. ఊరికే కాదు. ఏడాదికి సరిపడా సంచులకి ముందే తీసుకున్నాను." ఆమె చేతుల వైపు చూడలేక రోడ్డు వైపు చూశాడు. "మొదటి కట్టల కోసం సోమవారం పొద్దున మనిషి వస్తాడు. నువ్వేమో పిల్లల మీద ఒట్టేశావు."